కొత్తవాడ దుకాణానికి ఏ ఇంటర్నెట్ ఫోన్ కుదురుతుంది?

వరంగల్ కొత్తవాడ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి దర్రీలు. జంపఖానా అన్నా, షత్రంజీ అన్నా ఆ వాడ మగ్గాల పేరే చెబుతారు. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పేరు దూరం పాకింది కానీ, అంత దూరం నుంచి వచ్చే మాట చేరాల్సింది మాత్రం ఇంకా ఫోన్‌కే. ఎన్ని అడుగుల పొడవు, ఏ రంగు అంచు, ఎన్ని ముక్కలు, లారీకి ఎప్పుడు ఎక్కిస్తారు అన్నవన్నీ ఫోన్లోనే తేలతాయి. ఆ ఫోన్ యజమాని జేబులో ఉంటే ఆయన పెళ్లికి వెళ్లినప్పుడు దుకాణం ఫోన్ కూడా పెళ్లికే వెళ్తుంది. మేళం చప్పుడులో మోగిన కాల్ ఎవరూ ఎత్తరు. గిరాకీ ఇంకో నంబరుకు కొడతాడు.

క్లౌడ్ టెలిఫోన్ ఇలాంటి చిక్కును తీర్చడానికే వచ్చింది. ఒకప్పుడు హోటళ్లలో, ఆఫీసుల్లో గోడకు ఒక పెట్టె బిగించి ఉండేది. ఈపీఏబీఎక్స్ అనేవాళ్లు. బయటి నుంచి వచ్చే ఒకటి రెండు లైన్లను లోపలి పది ఇంటర్‌కామ్‌లకు పంచడం దాని పని. ఇప్పుడు ఆ పెట్టె పనిని ఎక్కడో డేటా సెంటర్లో ఉన్న సాఫ్ట్‌వేర్ చేస్తుంది. దుకాణానికి ఒకే నంబరు ఉంటుంది. కాల్ వస్తే ముందు కౌంటర్లో మోగుతుంది, అక్కడ ఎత్తకపోతే గోదాములో, అక్కడా ఎత్తకపోతే యజమాని సెల్‌లో. రికార్డింగ్, ఎవరెవరు చేశారన్న లెక్క, దుకాణం మూసిన తర్వాత వినిపించే సందేశం అన్నీ అందులోనే. హైదరాబాద్‌కు చెందిన ఓజోన్‌టెల్ సహా చాలా కంపెనీలు ఈ సేవలు ఇస్తున్నాయి.

ఇక్కడే చాలామంది వ్యాపారులు వరస తప్పుతారు. ముందు ఆన్‌లైన్లో రేటు చూసి నాలుగు ఐపీ ఫోన్లు, అంటే ఇంటర్నెట్ మీద నడిచే టేబుల్ ఫోన్లు, తెప్పిస్తారు. తర్వాత సర్వీసు వెతుకుతారు. అది తిరగేసిన పద్ధతి. ముందు సర్వీసు, తర్వాత ఇంటర్నెట్ కనెక్షన్, ఆఖరికి ఫోన్. ఈ వరస ఎందుకో తెలియాలంటే ఫోన్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

ఇంటర్నెట్ ఫోన్ల మధ్య నడిచే భాష పేరు సిప్. 1999లో మొదటి ప్రమాణం వచ్చింది, 2002లో దాన్ని తిరగరాశారు. ఆర్ఎఫ్‌సీ 3261 అనే ఆ పత్రమే నేటికీ ఆధారం. సిప్ చేసేది అచ్చంగా పెళ్లిళ్ల పేరయ్య పని. ఇద్దర్నీ కలుపుతుంది, ఒకరి వివరాలు ఇంకొకరికి చెబుతుంది, ఒప్పందం కుదిరాక పక్కకు తప్పుకుంటుంది. మనం మాట్లాడే మాట సిప్‌లో ప్రయాణించదు. దానికి ఆర్‌టీపీ అనే వేరే దారి ఉంది. ఫోన్ మోగింది కానీ మాట వినపడలేదు అనే ఫిర్యాదుకు మూలం ఇదే. కలిపే పని సవ్యంగా జరిగింది, మాట వెళ్లే దారి తెరుచుకోలేదు.

ఫోన్‌కు వైరు తగిలించగానే అది సర్వర్‌కు ‘రిజిస్టర్’ అని ఒక సందేశం పంపుతుంది. నేను ఫలానా ఎక్స్‌టెన్షన్‌ని, ఫలానా చిరునామాలో ఉన్నాను అని చెప్పడం అది. సర్వర్ వెంటనే ఒప్పుకోదు. 401 అనే జవాబుతో పాటు ఒక యాదృచ్ఛిక అక్షరాల వరసను పంపుతుంది. ఫోన్ తన పాస్‌వర్డ్‌ను ఆ వరసతో కలిపి లెక్క కట్టి, ఆ ఫలితాన్ని తిరిగి పంపుతుంది. ఈ పలకరింపులో అసలు పాస్‌వర్డ్ వైరు ఎక్కదు. లెక్క సరిపోతే 200 ఓకే. అప్పుడు ఫోన్ తెర మీద ఎక్స్‌టెన్షన్ నంబరు వెలుగుతుంది. కాల్ వచ్చినప్పుడు సర్వర్ ‘ఇన్వైట్’ పంపుతుంది. ఫోన్ 180 అని జవాబిస్తే అవతలి చెవిలో రింగు వినిపిస్తుంది. రిసీవర్ ఎత్తితే మళ్లీ 200. పెట్టేస్తే ‘బై’. వెబ్‌సైట్లలో పేజీ దొరకనప్పుడు కనిపించే 404 కూడా ఈ భాషలో ఉంది, అలాంటి ఎక్స్‌టెన్షన్ లేదు అనే అర్థంలో. ఇవన్నీ మనిషి చదవగలిగే మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. అందుకే లోపం ఎక్కడుందో ఓపికగా చూసేవాళ్లకు సిప్ చాలా మేలు చేసింది.

అందరూ సిప్ మాట్లాడుతుంటే ఏ ఫోనైనా ఏ సర్వీసుకైనా అతకాలి కదా? కాల్ చేయడం, ఎత్తడం వరకు దాదాపు అతుకుతుంది కూడా. చిక్కంతా ఆ పైన ఉంది. అసలు పత్రం 269 పేజీలు. దానికి అనుబంధాలు ఎన్ని పుట్టాయంటే, ఏది ఎందుకో చెప్పడానికి 2009లో ప్రత్యేకంగా ఒక మార్గదర్శి పత్రమే వెలువడింది. కాల్‌ను ఇంకొకరికి బదిలీ చేయడం, పక్కవాళ్ల లైను బిజీగా ఉంటే మన ఫోన్ మీద ఎర్ర దీపం వెలగడం, మోగుతున్న పక్క ఫోన్‌ను మన సీట్లోంచే ఎత్తడం లాంటివి ఈ అనుబంధాల్లోంచి వచ్చినవే. ఏ ఫోన్ వాటిలో ఏవి అమలు చేసింది, ఏ సర్వీసు ఏ తీరుగా అమలు చేసింది అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. డబ్బా మీద ‘సిప్ సపోర్ట్’ అని ఉంటే ఆ ఫోన్ మాట్లాడుతుందని అర్థం. మీ దుకాణంలో పనిచేస్తుందని కాదు.

అందుకే ప్రతి క్లౌడ్ సర్వీసు కంపెనీ దగ్గరా తాము పరీక్షించిన ఫోన్ల జాబితా ఉంటుంది, ఉండాలి. అందులో మోడల్ నంబరుతో పాటు ఫర్మ్‌వేర్ వెర్షన్, అంటే ఫోన్ లోపలి సాఫ్ట్‌వేర్ ఏ తరానిదో కూడా అడగండి. యీలింక్, గ్రాండ్‌స్ట్రీమ్, ఫాన్‌విల్, పాలీ, వడోదరకు చెందిన మ్యాట్రిక్స్ లాంటి పేర్లు వినిపించవచ్చు. కంపెనీ పేరు ఒక్కటే చాలదు. ఒకే కంపెనీ ఫోన్లలో ఒక మోడల్ జాబితాలో ఉండి, దాని పాత తరం లేకపోవడం మామూలే.

ఒక ఉదాహరణ చూడండి. సిస్కో 8841 ఫోన్ రెండు రకాలుగా వచ్చింది. బయటికి రెండూ ఒకటే, అవే బటన్లు, అదే తెర. ఒకటి సిస్కో సొంత ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్‌తో నడవడానికి చేసింది. రెండోది ఇతర సర్వీసులతో నడిచే మల్టీప్లాట్‌ఫాం రకం. తేడా తెలిసేది ఫర్మ్‌వేర్‌లోనూ, అట్టపెట్టె మీది కోడ్‌లోనూ. రెండో రకం కోడ్‌లో సీపీ-8841 తర్వాత 3పీసీసీ అనే అక్షరాలు ఉంటాయి. ఆ నాలుగు అక్షరాలు చూడకుండా మొదటి రకం కొంటే, దాన్ని మార్చడానికి మళ్లీ లైసెన్సు కొనాల్సి వస్తుంది. మూతపడిన ఆఫీసుల నుంచి సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వచ్చే ఐపీ ఫోన్లతో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పాత సర్వీసు కంపెనీ వాటికి తాళం వేసి ఉంచవచ్చు. అలాంటి ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసినా, ఇంటర్నెట్ తగలగానే పాత యజమాని సర్వర్‌నే వెతుక్కుంటూ పోతుంది.

అలా ఎందుకు పోతుందంటే, ప్రతి ఫోన్‌కూ తయారీలోనే ఒక మ్యాక్ అడ్రస్ ఇస్తారు. పన్నెండు అక్షరాలు, అంకెల ఆ గుర్తు ఫోన్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. ఫోన్ మొదటిసారి వెలిగినప్పుడు తయారీదారు సర్వర్‌ను పలకరించి ఈ గుర్తు చెబుతుంది. నీ సర్వీసు ఫలానా చోట ఉంది వెళ్లు అని ఆ సర్వర్ దారి చూపుతుంది. అక్కడి నుంచి ఎక్స్‌టెన్షన్, పాస్‌వర్డ్, బటన్ల అమరిక అన్నీ వాటంతట అవే దిగుతాయి. దీన్నే ఆటో ప్రొవిజనింగ్ అంటారు. నా దృష్టిలో చిన్న వ్యాపారానికి ఫోన్ ఎంపికలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. దుకాణంలో కంప్యూటర్ తెలిసిన మనిషి ఎప్పుడూ ఉండడు. ఫోన్ పాడైతే కొత్తది తెచ్చి, స్టిక్కర్ మీది గుర్తు సర్వీసు కంపెనీకి చెప్పి, వైరు గుచ్చితే పని మొదలవ్వాలి. ఆటో ప్రొవిజనింగ్ కుదరని ఫోన్ వెయ్యి రూపాయలు తక్కువకు వచ్చినా వద్దు.

ఇక మాట సంగతి. మనిషి గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తే సెకనుకు 64,000 బిట్లు అవుతాయి. 1972 నాటి జీ.711 ప్రమాణం ఇదే. ఇందులో రెండు రకాలున్నాయి. ఉత్తర అమెరికా, జపాన్ మ్యూ-లా వాడతాయి, యూరప్‌తో పాటు మన దేశం ఎ-లా వాడుతుంది. ఫోన్ ఈ మాటలను 20 మిల్లీసెకన్ల తునకలుగా కోసి, ఒక్కో తునకకు చిరునామా తగిలించి పంపుతుంది. సెకనుకు 50 తునకలు. చిరునామాల బరువుతో కలిపి ఒక కాల్‌కు ఒక్కో వైపు దాదాపు 87 కిలోబిట్లు పడుతుంది. ఐదుగురు ఒకేసారి మాట్లాడినా అర మెగాబిట్ దాటదు. 100 మెగాబిట్ల ఫైబర్ పెట్టించాను, అయినా మాట తెగుతోంది అనేవాళ్లు దీన్ని గమనించాలి. ఫోన్‌కు కావాల్సింది వేగం కాదు, నిలకడ. తునకలు సమానమైన ఎడంతో రావాలి. పక్క కంప్యూటర్‌లో దర్రీల ఫొటోలు అప్‌లోడ్ అవుతుంటే తునకలు రౌటర్ దగ్గర వరసలో చిక్కుకుంటాయి, మాట ముక్కలవుతుంది. రౌటర్‌లో ఫోన్ ట్రాఫిక్‌కు ముందు దారి ఇచ్చే ఏర్పాటు ఉంటే వాడుకోవాలి. ఫోన్‌ను వైఫై మీద కాక వైరు మీద నడపడం అంతకన్నా మంచిది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం చెబుతుంది.

జీ.711 దాదాపు 3,400 హెర్ట్జ్‌ల పైనున్న ధ్వనిని వదిలేస్తుంది. మాట అర్థమవడానికి అది చాలు. అయితే ‘స’, ‘ఫ’ లాంటి ధ్వనుల బలం చాలావరకు అంతకన్నా పైనే ఉంటుంది. జీఎస్టీ నంబరో, ఈమెయిల్ అడ్రసో ఫోన్లో చెప్పేటప్పుడు ఎఫ్ అన్నారా, ఎస్ అన్నారా అని మళ్లీ మళ్లీ అడగాల్సి రావడానికి కారణం ఇదే. జీ.722 అనే ఇంకో పద్ధతి 7,000 హెర్ట్జ్‌ల వరకు మోస్తుంది. ఫోన్ల ప్రకటనల్లో ‘హెచ్‌డీ వాయిస్’ అని కనిపించేది సాధారణంగా ఇదే. ఇందులో ఒక కిటుకు ఉంది. రెండు కొసలూ, మధ్యలో ఉన్న దారీ దాన్ని మోస్తేనే హెచ్‌డీ. కౌంటర్ నుంచి గోదాముకు మాట్లాడితే వినిపిస్తుంది. బయటి మామూలు నంబరుకు వెళ్లే కాల్ చాలాసార్లు పాత ఇరుకు దారిలోనే నడుస్తుంది. మీ కాల్స్‌లో నూటికి తొంభై బయటివే అయితే హెచ్‌డీ కోసం ఎక్కువ పెట్టకండి. ఆ డబ్బు మంచి రిసీవర్ ఉన్న ఫోన్‌కు పెట్టండి. మగ్గాల చప్పుడు వినపడే గదిలో స్పీకర్‌ఫోన్ ఎంత ఖరీదైనదైనా ‘డబ్’మనే దెబ్బనూ మోస్తుంది. నోటికి దగ్గరగా ఉండే రిసీవరో, హెడ్‌సెట్టో అక్కడ గెలుస్తుంది.

బ్యాండ్‌విడ్త్ ఆదా కోసం జీ.729 పెడదాం అనే సలహా కూడా వింటుంటాం. అది సెకనుకు 8,000 బిట్లలోనే గొంతును సర్దుతుంది. ఎలాగంటే, వచ్చే ధ్వని మనిషి గొంతే అనుకుని దాన్ని వర్ణిస్తుంది. ఫోన్ బటన్ నొక్కినప్పుడు వచ్చే ధ్వని మనిషి గొంతు కాదు. 5 నొక్కితే 770, 1,336 హెర్ట్జ్‌ల రెండు స్వరాలు కలిసి మోగుతాయి. జీ.729లో అవి వంకర తిరుగుతాయి. ‘తెలుగు కోసం 1 నొక్కండి’ అన్నప్పుడు నొక్కినా అవతలి యంత్రానికి వినపడకపోవచ్చు. దీనికి విరుగుడుగా బటన్ నొక్కిన సంగతిని ధ్వనిగా కాక సమాచారంగా పంపే పద్ధతి ఉంది. సెట్టింగుల్లో ఆర్ఎఫ్‌సీ 2833 అనో 4733 అనో కనిపిస్తుంది. ఫోనూ సర్వీసూ రెండూ దానికే సెట్ అయి ఉండాలి. బ్యాంకుకో, రవాణా కంపెనీకో ఫోన్ చేసి నంబరు నొక్కి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఇప్పుడు రౌటర్. దుకాణంలో ఫోన్‌కు ఉండే 192.168తో మొదలయ్యే చిరునామా ఆ నాలుగు గోడల మధ్యే చెల్లుతుంది. బయటికి పోయేటప్పుడు రౌటర్ దాన్ని మారుస్తుంది. ఫోన్ మాత్రం సిప్ సందేశం లోపల తన పాత చిరునామానే రాస్తుంది. అవతలివాళ్లు ఆ చిరునామాకు మాట పంపితే అది ఎక్కడికీ చేరదు. మీ మాట వాళ్లకు వినపడుతుంది, వాళ్ల మాట మీకు వినపడదు. మంచి సర్వీసులు ఈ చిక్కును తమ సర్వర్ దగ్గరే సరిదిద్దుకుంటాయి. కానీ చాలా రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అనే ఏర్పాటు ఉంటుంది. సాయం చేద్దామని సందేశం లోపల వేలు పెట్టి, సగం మార్చి, సగం వదిలేస్తుంది. రెండు వైపులా దిద్దుబాట్లు జరిగి మాట పోతుంది. దాన్ని ఆపేయమని మీ ఇంటర్నెట్ ఇచ్చినవాళ్లను అడగండి. అది కుదరని చోట టీఎల్ఎస్ ఉన్న ఫోన్ తీసుకుంటే, సందేశం రహస్య లిపిలో వెళ్తుంది కాబట్టి రౌటర్ దాన్ని చదవలేదు, పాడుచేయలేదు.

ఇంకో లక్షణం కూడా గుర్తుపెట్టుకోండి. ఫోన్ నుంచి బయటికి కాల్ పోతుంది, కాసేపు వాడకపోతే బయటి నుంచి రాదు. ఫోన్ చెడిపోలేదు. కదలిక లేని దారిని రౌటర్ మూసేసింది. తక్కువ విరామంతో సర్వర్‌ను పలకరిస్తూ ఉండేలా ఫోన్‌లో కీప్-అలైవ్ పెడితే సరిపోతుంది.

టీఎల్ఎస్ అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. పాత ఫోన్లలో ఉన్న పాత టీఎల్ఎస్‌ను ఇప్పటి సర్వర్లు ఒప్పుకోకపోవచ్చు. కొత్త ఫోన్‌లోనైనా గడియారం తప్పితే సర్టిఫికెట్ చెల్లదు. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని ఫోన్ల తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకునే వరకు అవి రిజిస్టర్ కావు. సమయం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో సెట్టింగుల్లో సరిగా ఉందో లేదో చూడాలి.

కరెంటు మాట వచ్చింది. పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజ్ నుంచే కరెంటు వచ్చేది, ఊరంతా చీకటైనా మోగేది. ఐపీ ఫోన్‌కు ఆ భాగ్యం లేదు. పీవోఈ ఉన్న ఫోన్, పీవోఈ స్విచ్ తీసుకుంటే నెట్‌వర్క్ వైరులోనే కరెంటు కూడా వస్తుంది. 2003 నాటి ప్రమాణం ప్రకారం ఫోన్‌కు 12.95 వాట్ల వరకు అందుతుంది, మామూలు ఫోన్‌కు అందులో కొంత చాలు. లాభం ఏమిటంటే స్విచ్, రౌటర్, ఫైబర్ పెట్టె మూడింటినీ ఒకే చిన్న యూపీఎస్‌కు తగిలిస్తే దుకాణం ఫోన్లన్నీ బతుకుతాయి. ఒక్కో ఫోన్‌కు ఒక్కో అడాప్టర్ గుచ్చుకుంటూ పోతే ఇది కుదరదు. అలాగే ఫోన్ వెనక రెండో పోర్టు నుంచి కంప్యూటర్‌కు నెట్ ఇస్తుంటే అది గిగాబిట్ పోర్టో కాదో చూసుకోండి. 100 మెగాబిట్ పోర్టయితే కంప్యూటర్ వేగమూ అక్కడే ఆగుతుంది.

భద్రత సంగతి కూడా ముఖ్యమే. ఫోన్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చకుండా, దాని పేజీ బయటి ఇంటర్నెట్‌కు కనిపించేలా వదిలేస్తే, దొంగలు ఎక్స్‌టెన్షన్ వివరాలు లాగి, రాత్రంతా ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ చేస్తారు. బిల్లు మీకు వస్తుంది. అవసరం లేకపోతే ఐఎస్‌డీ మూయించండి. నంబరు ఇచ్చే కంపెనీకి టెలికాం లైసెన్సు ఉన్న సంస్థతో ఒప్పందం ఉందో లేదో కూడా కనుక్కోండి. మన దేశంలో ఇంటర్నెట్ కాల్స్‌ను మామూలు నంబర్లకు కలపడం లైసెన్సుదారులే చేయాలి. చవకగా చేస్తామని, ఇంటర్నెట్ కాల్స్‌ను దొంగదారిన సెల్ నంబర్లకు కలిపే సిమ్ బాక్సులు పెట్టేవాళ్ల జోలికి పోవద్దు.

ఇంత చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: మీకు నిజంగా టేబుల్ ఫోన్ కావాలా? మన దగ్గర చాలా క్లౌడ్ సర్వీసులు వచ్చిన కాల్‌ను నేరుగా సిబ్బంది సెల్‌ఫోన్‌కే మళ్లిస్తాయి. ఇద్దరే ఉన్న దుకాణానికి అది చాలు. యాప్ వాడితే మాత్రం, బ్యాటరీ ఆదా పేరుతో సెల్‌ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చకుండా సెట్టింగ్ మార్చాలి. ఇప్పటికే పది పాత ఇంటర్‌కామ్ సెట్లు ఉన్న చేనేత సొసైటీ వాటిని పారేయనక్కర్లేదు. ఏటీఏ అనే చిన్న అడాప్టర్ పాత సెట్టును సిప్‌లోకి మారుస్తుంది. దీపాలు, బటన్లు రావు గానీ మాట వస్తుంది. ఒకరు కూర్చుని రోజంతా కాల్స్ ఎత్తి, లోపలివాళ్లకు పంచే చోట మాత్రం బటన్ల ఐపీ ఫోన్‌ను మించినది లేదు. ఆ కుర్చీకి మంచి ఫోన్ కొని, మిగతా చోట్ల మామూలువి పెట్టండి. అన్ని టేబుళ్లకూ ఒకే ఖరీదైన మోడల్ కొనడం డబ్బు దండగ. పరిచయస్తుల పేర్లు తెలుగులో దాచుకోవాలనుకుంటే ఫోన్ తెర మీద తెలుగు అక్షరాలు సరిగ్గా వస్తాయో లేదో కూడా కొనేముందే చూడండి.

సర్వీసు కంపెనీని తమ జాబితా కాగితం మీద ఇవ్వమనండి. అందులోంచి ఒక్క ఫోనే తెప్పించండి. దాన్ని మీ రౌటర్‌కే, మీ కౌంటర్ మీదే పెట్టి ఒక వారం వాడండి. బయటి నుంచి కాల్ రప్పించండి, లోపలికి బదిలీ చేయండి, బ్యాంకుకు ఫోన్ చేసి నంబరు నొక్కండి, మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ వేయండి, అరగంట ముట్టకుండా ఉంచి ఆ తర్వాత కాల్ వస్తుందో లేదో చూడండి. ఇవన్నీ నెగ్గితేనే మిగతా ఫోన్లకు ఆర్డరు ఇవ్వండి. అప్పటిదాకా పాత నంబరు మాత్రం వదులుకోకండి.